అద్దానికి ఏ వైపున ఆవిరి?

ధనుర్మాసంలో తెల్లవారుజామున ఒడిశాలోని కోరాపుట్ నుంచి సాలూరు మీదుగా విజయనగరం వైపు దిగే కార్లలో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. డ్రైవరు పక్క సీటులో కూర్చున్న మనిషి చేతిలో తువ్వాలు ఉంటుంది. సునాబెడ దాటినప్పటి నుంచి ఆ మనిషికి అద్దం తుడవడమే పని. తుడిచిన మేరకు రెండు నిమిషాలు దారి కనబడుతుంది, ఆ తర్వాత మళ్లీ మసక. పొట్టంగి వచ్చేసరికి తువ్వాలు పిండితే నీళ్లు కారే స్థితి. అదే కారు శ్రావణమాసపు రాత్రి అదే దారిలో సుంకి ఘాట్ దిగి మైదానంలోకి వచ్చినప్పుడు అద్దం మళ్లీ మసకబారుతుంది, తువ్వాలు మళ్లీ బయటికి వస్తుంది. ఈసారి ఎంత రుద్దినా తువ్వాలుకు తడి అంటదు, మసకా పోదు. చెమ్మ పట్టింది అద్దానికి బయటి వైపున.

మసక చూడటానికి ఒకటే. విరుగుడు మాత్రం ఒకటి కాదు. మొదటి మసకను పోగొట్టే పద్ధతిని రెండోదానికి వాడితే అది ఇంకా చిక్కబడుతుంది. కారు కొన్నప్పుడు షోరూములో ఎవరూ ఈ సంగతి చెప్పరు. చెప్పినా “ఆవిరి పడితే ఈ బటన్ నొక్కండి” అనే ఒక్క ముక్కతో సరిపెడతారు. ఆ ముక్క సగం నిజం. ఘాట్ రోడ్డు మీద సగం నిజం చాలదు.

అసలు అద్దానికి ఆవిరి ఎందుకు పడుతుంది? గాలి కొంత నీటి ఆవిరిని మోయగలదు. వెచ్చని గాలి ఎక్కువ మోస్తుంది, చల్లని గాలి తక్కువ మోస్తుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల ఆవిరిని పట్టి ఉంచగలదు. 20 డిగ్రీల వద్ద ఆ శక్తి 17 గ్రాములకు పడిపోతుంది, 10 డిగ్రీల వద్ద తొమ్మిదిన్నర గ్రాములు దాటదు. కాబట్టి తేమ నిండిన గాలిని చల్లబరుస్తూ పోతే ఏదో ఒక ఉష్ణోగ్రత వద్ద అది తన బరువు మోయలేక నీటిని దించేస్తుంది. ఆ ఉష్ణోగ్రతను ఇక్కడ చెమ్మగీత అనుకుందాం. అద్దం ఉపరితలం తనకు తగులుతున్న గాలి చెమ్మగీత కంటే చల్లగా ఉంటే దాని మీద సన్నని నీటి చుక్కలు కూర్చుంటాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు బయట నీళ్లు పట్టేదీ, బ్రహ్మపురం నుంచి మోహన వెళ్లే దారిలో తప్తపాణి వేడినీటి బుగ్గ మీద చలికాలంలో తెల్లని ఆవిరి లేచేదీ ఈ లెక్క ప్రకారమే.

కారు అద్దానికి రెండు ముఖాలున్నాయి. లోపలి ముఖానికి కారులోని గాలి తగులుతుంది, బయటి ముఖానికి ఊరి గాలి తగులుతుంది. రెండు గాలులకూ రెండు వేర్వేరు చెమ్మగీతలు. అద్దం ఏ గాలి గీత కంటే కిందికి దిగిందో ఆ వైపున మసక పడుతుంది. తక్కినదంతా ఇందులోంచి వచ్చేదే.

ముందుగా లోపలి సంగతి. కారులోకి తేమ ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే చాలామంది వానను చూపిస్తారు. అసలు ముద్దాయి సీట్లలోనే కూర్చుని ఉంటాడు. శ్వాస ద్వారా, చర్మం ద్వారా కలిపి ఒక మనిషి ఊరకే కూర్చున్నా గంటకు సుమారు 30 నుంచి 40 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతాడు. అయిదుగురు కూర్చుంటే గంటకు 150 గ్రాములకు తక్కువ ఉండదు. మామూలు కారు లోపలి జాగా దాదాపు 3 ఘనపు మీటర్లు. 20 డిగ్రీల వద్ద అంత గాలి మోయగలిగే మొత్తం ఆవిరి 52 గ్రాములు. అంటే అద్దాలన్నీ మూసి, బయటి గాలి రాకుండా చేసి, ఏసీ ఆపేస్తే, ఎండుగా ఉన్న గాలి కూడా సుమారు ఇరవై నిమిషాల్లో నిండిపోతుంది. నిజానికి ప్రయాణం మొదలయ్యేటప్పటికే గాలి సగానికి పైగా తేమతో ఉంటుంది కాబట్టి అంతసేపు కూడా పట్టదు. పెళ్లికి వెళ్లే కారులో పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడుగురు సర్దుకున్నప్పుడు సెమిలిగూడ దాటకముందే అద్దం తెల్లబడటంలో ఆశ్చర్యం ఏమీ లేదు.

దీనికి చలి తోడవుతుంది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఆ పీఠభూమి మీద డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకుతుంది. బయట 12 డిగ్రీలు, లోపల జనం ఊపిరితో 22 డిగ్రీలు, తేమ 60 శాతం ఉందనుకుందాం. ఆ లోపలి గాలి చెమ్మగీత దాదాపు 14 డిగ్రీలు. వేగంగా పోతున్న కారులో ముందు అద్దానికి బయటి చలిగాలి ఎడతెగకుండా తగులుతుంటుంది కాబట్టి దాని లోపలి ముఖం కూడా ఆ చుట్టుపక్కలకే దిగుతుంది. ఇక మసక పట్టక తప్పదు.

ఇక్కడే ఒక మొండి నమ్మకం అడ్డు వస్తుంది. “బయట వాన పడుతోంది, పొగమంచు కమ్మింది. ఆ తడి గాలిని లోపలికి రానిస్తే ఇంకా ఆవిరి పట్టదా?” అన్నది ప్రశ్న. తర్కం బాగానే ఉన్నట్టు తోస్తుంది కానీ లెక్క వేరుగా ఉంది. 16 డిగ్రీల వద్ద నూరు శాతం తేమతో ఉన్న గాలిలో ఘనపు మీటరుకు ఉండే నీరు పదమూడున్నర గ్రాములే. ఆ గాలి కారులోకి వచ్చి 24 డిగ్రీలకు వేడెక్కితే తేమ సుమారు 61 శాతానికి పడిపోతుంది. చల్లని పొగమంచు కంటికి తడిగా కనిపించినా, లోపల అయిదుగురు వదిలిన గాలితో పోలిస్తే అది ఎండు గాలే. అందుకే చలిలోనూ, కొండ వానలోనూ లోపలి మసక పోవాలంటే బయటి గాలి రావలసిందే.

అయినా మన వైపు కార్లలో లోపలి గాలినే తిప్పే మీట ఏడాది పొడుగునా వేసే ఉంటుంది. కారు బొమ్మ లోపల గుండ్రంగా వంగిన బాణం ఉన్న గుర్తు అది. రాయగడ వైపు లారీల వెనుక దుమ్ము, ఎండాకాలంలో ఏసీ త్వరగా చల్లబడాలన్న తొందర, డీజిలు ఆదా అవుతుందన్న లెక్క, ఇవన్నీ కలిసి ఆ మీటను అక్కడ మేకు కొట్టినట్టు బిగించేస్తాయి. వేసవికి ఆ అలవాటు సబబే. కార్తీకం వచ్చాక కూడా దాన్ని కదపకపోవడమే తువ్వాలు తడవడానికి మొదటి కారణం. ఆ మీట వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. నిండు కారులో బొగ్గుపులుసు వాయువు పేరుకుని తల బరువెక్కుతుంది, కునుకు పడుతుంది. రాత్రి ప్రయాణంలో అది మసక కంటే తక్కువ ప్రమాదం ఏమీ కాదు.

ఇక ఏసీ. చలికాలంలో ఏసీ వేయమంటే ఇంటి పెద్దలు వింతగా చూస్తారు. “ఇప్పటికే వణుకుతున్నాం, ఏసీ ఏమిటి?” అన్న ప్రశ్నలో ఏసీ అంటే చల్లదనమే అన్న నమ్మకం ఉంది. ఆ యంత్రం పుట్టుక కథ వేరు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చుశాలకు తేమ వల్ల చిక్కు వచ్చిపడింది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగి, ముడుచుకుని, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు తయారుచేసిన ఏర్పాటు ఆ గాలిలోని తేమను అదుపు చేయడానికే. మనుషులను చల్లబరచడం తర్వాత వచ్చిన పని.

కారులోని ఏసీ కూడా ముందుగా నీళ్లు పిండే యంత్రమే. గాలి కూలింగ్ కాయిల్ మీదుగా పోతుంది. ఆ కాయిల్ సున్నాకు కొద్ది డిగ్రీల పైన ఉంటుంది. గాలి తన నీటిని దాని మీద దించి ముందుకు సాగుతుంది. ఆ నీరు డ్రెయిన్ పైపు ద్వారా కారు కిందికి కారిపోతుంది. ఆపిన కారు కింద కనిపించే మడుగు అదే. దాన్ని చూసి బండి లీకవుతోందని కంగారుపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాయిల్ దాటిన గాలి ఎండుగా ఉంటుంది కానీ చల్లగా ఉంటుంది. దాన్ని ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, వేడితో నడిచే హీటర్ మీదుగా పోనిస్తే వెచ్చని, ఎండు గాలి తయారవుతుంది. విద్యుత్ కార్లలో వేడి సాధారణంగా బ్యాటరీ కరెంటుతో నడిచే హీటర్ నుంచి వస్తుంది, పద్ధతి మాత్రం ఇదే. ఏసీ, హీటర్ రెండూ ఒకేసారి నడవడం డబ్బు దండగ అనిపిస్తుంది. లోపలి మసకకు వాటి జోడీని మించిన మందు లేదు. ఒకటి గాలిలోని నీటిని పిండుతుంది, రెండోది అద్దాన్ని చెమ్మగీతకు పైకి ఎత్తుతుంది.

వంపు తిరిగిన అద్దం మీద మూడు మెలికల బాణాలున్న బటన్ చాలా కార్లలో చేసే పని ఇదే. గాలిని ముందు అద్దం మీదికి మళ్లిస్తుంది, బయటి గాలి తలుపు తెరుస్తుంది, ఏసీని నడిపే కంప్రెసర్‌ను తనంతట తానే ఆన్ చేస్తుంది. ఆ సమయంలో లోపలి గాలి బటన్ పనిచేయకపోతే అది లోపం కాదు, కావాలని పెట్టిన కట్టడి. మీటలతో నడిచే పాత కార్లలో మాత్రం ఈ పనులన్నీ డ్రైవరే ఒక్కొక్కటిగా చేయాలి. వాటిలో మరిచిపోయేది ఎక్కువగా గాలి తలుపునే. నలుచదరపు గుర్తున్న ఇంకో బటన్ వెనుక అద్దానిది. దానికి గాలితో పని లేదు, అద్దంలో పొదిగిన సన్నని తీగలు వేడెక్కుతాయి.

ఒక చిన్న మోసం గురించి కూడా తెలిసి ఉండాలి. ఏసీ కాసేపు నడిచి అద్దం తేటపడగానే “ఇక చాలు” అని దాన్ని ఆపేస్తారు. గాలిని తోసే ఫ్యాను, అంటే బ్లోయర్, మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కూలింగ్ కాయిల్ మీద అంటుకుని ఉన్న నీరంతా ఇప్పుడు వెచ్చబడి, ఆవిరై, అదే గాలితో నేరుగా అద్దం మీదికి వస్తుంది. నిమిషం గడవకముందే అద్దం మునుపటి కంటే దట్టంగా మసకబారుతుంది. సరిగ్గా మలుపు మీద ఇది జరిగితే గుండె గొంతులోకి వస్తుంది. ఘాట్ దిగడం పూర్తయ్యేవరకు ఏసీ ఆపకూడదు. చలి వేస్తే ఉష్ణోగ్రత నాబ్‌ను ఎరుపు వైపు తిప్పాలి, అంతే.

ఇప్పుడు బయటి మసక. ఇది మైదానం జబ్బు, తీరప్రాంతం జబ్బు. పొట్టంగి నుంచి సాలూరుకు దారి ఏడు వందల మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. ఆ దిగుడుకు గాలి నాలుగైదు డిగ్రీలు వెచ్చబడుతుంది. వానాకాలంలో ఆ వెచ్చని గాలి బరువుగా, తేమతో ఉబ్బి ఉంటుంది. ఇచ్ఛాపురం, బ్రహ్మపురం, గోపాలపురం వైపు జూలై రాత్రుల్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. 27 డిగ్రీలు, 90 శాతం తేమ అంటే ఆ గాలి చెమ్మగీత 25 డిగ్రీలు. కారులో ఏసీ 18 మీద పెట్టి, గాలి అద్దానికి తగిలేలా వదిలితే అద్దం 22 డిగ్రీలకు దిగడం కష్టమేమీ కాదు. అప్పుడు ఊరి గాలి తన నీటిని అద్దం బయటి ముఖం మీద దించిపోతుంది. కారు మొత్తం ఒక చల్లని చెంబు అయిపోయినట్టే.

ఏ వైపున పట్టిందో తేల్చడానికి శాస్త్రం అక్కర్లేదు. వైపర్ ఒక్కసారి కదిపితే చాలు. మసక చెరిగితే అది బయటిది, చెరగకపోతే లోపలిది. ఎండు అద్దం మీద వైపర్ కీచుమంటుందని భయపడితే వేలితో లోపల ఒక గీత గీసినా తెలిసిపోతుంది. కానీ ఆ వేలి జిడ్డు గీత మరుసటి ఉదయం ఎండకు ఎదురుగా వెక్కిరిస్తుంది.

బయటి మసకకు వైపర్ తాత్కాలిక మందు. అసలు మందు అద్దాన్ని చల్లబరచడం మానేయడం. ఉష్ణోగ్రతను 25, 26కు పెంచాలి, గాలిని అద్దం మీది నుంచి ముఖం వైపుకో కాళ్ల వైపుకో మళ్లించాలి. ఇక్కడ కంగారుపడి అద్దం బటన్ నొక్కి, నాబ్ నీలం వైపే ఉంచితే బ్లోయర్ పూర్తి వేగంతో చల్లగాలిని అద్దానికే కొడుతుంది. మసక క్షణాల్లో రెట్టింపవుతుంది. మొదట్లో చెప్పిన సగం నిజం ఇదే. ఆ బటన్ లోపలి మసక కోసం పుట్టింది. బయటి మసకకు దాన్ని వాడి తీరాలంటే వేడి మీద పెట్టే వాడాలి.

అన్నిటికంటే చెడ్డది రెండు వైపులా పట్టడం. అది దాదాపు ఎప్పుడూ మనం చేసుకున్నదే. బయటి మసక చూసి బెంబేలెత్తి డ్రైవరు ఏసీ కట్టేస్తాడు, పక్క కిటికీ దించుతాడు. 25 డిగ్రీల చెమ్మగీత ఉన్న తీరపు గాలి లోపలికి దూసుకొచ్చి 22 డిగ్రీల అద్దం లోపలి ముఖాన్ని తాకుతుంది. ఇక వైపర్ తుడిచినా, తువ్వాలు తుడిచినా సగమే. కొండ మీద చలిలో కిటికీ కొద్దిగా దించడం మంచి ఉపాయం. తీరంలో చల్లబడ్డ అద్దంతో అదే ఉపాయం ఎదురుతిరుగుతుంది. ఊరు మారితే వైద్యం మారాలి. అలాంటి స్థితిలో పడితే దారి పక్కకు తీసి, లైట్లు మినుకుమినుకుమనేలా పెట్టి, ఏసీని వేడితో కలిపి రెండు మూడు నిమిషాలు నడపడమే దారి. రెండు ముఖాలూ అప్పటికి తేటపడతాయి.

ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్నవారికి ఈ బాధ లేదా? కొంత తగ్గుతుంది, పోదు. ఆ యంత్రం చూసేది ప్రధానంగా లోపలి ఉష్ణోగ్రతను, బయటి ఉష్ణోగ్రతను, ఎండను. తేమను పసిగట్టే సెన్సార్ అన్ని కార్లలో ఉండదు. ఉన్న కార్లలో అది సాధారణంగా వెనుక దారి చూసే అద్దం మొదట్లో ఒదిగి ఉంటుంది. అది లేని కారులో 22 అని పెడితే యంత్రం 22 వచ్చేలా చేసి తన బాధ్యత తీరిందనుకుంటుంది. అద్దం సంగతి దానికి తెలియదు. ఆదా పద్ధతిలో పెట్టిన కార్లు, సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగే కార్లు కంప్రెసర్‌ను మధ్యమధ్యలో ఆపుతాయి. పైన చెప్పిన తడి కాయిల్ మోసం అప్పుడు డ్రైవరు ప్రమేయం లేకుండానే జరుగుతుంది. ఘాట్ ఎక్కేముందు ఆ ఆదా బటన్ తీసేయడం ఉత్తమం.

కారులోకి మనం మోసుకొచ్చే తేమ గురించి కూడా ఒక మాట. కుందులి సంతలో కొన్న పచ్చి అల్లం, నీళ్లు చల్లిన ఆకుకూరల కట్టలు, కోరాపుట్ కాలీఫ్లవర్ల బస్తా వెనుక సీటు మీద పెడితే అవి దారంతా ఊపిరి వదులుతూనే ఉంటాయి. రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి తడి బట్టలతో వచ్చి అవే బట్టలతో ఎక్కేవారు, సీటు కింద పడేసిన గొడుగులు, బురద చెప్పులు, తడిసిన మ్యాట్లు, అన్నీ ఇదే లెక్కలో చేరతాయి. రాత్రి తడి మ్యాట్లతో తాళం వేసిన కారు తెల్లారేసరికి లోపలి నుంచి చెమర్చి ఉంటుంది. వాటిని తీసి అరుగు మీద ఆరేస్తే మరుసటి రోజు సగం బాధ తప్పుతుంది.

మ్యాట్ ఎండినా ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగానే ఉంటే మాత్రం అది వాన పని కాకపోవచ్చు. ఏసీ డ్రెయిన్ పైపు మట్టితోనో ఆకులతోనో పూడుకుపోతే బయటికి పోవలసిన నీరు లోపలికి మళ్లుతుంది. ఏసీ గంటసేపు నడిచినా కారు కింద చుక్క పడటం లేదంటే అనుమానించవలసింది దాన్నే. తడికి తీపి వాసన తోడై, అద్దం మీద తుడిస్తే జిడ్డుగా సాగే పొర పడుతూ, కూలెంట్ మట్టం తగ్గుతుంటే హీటర్ కారుతున్నట్టు. అది వాయిదా వేయదగ్గ పని కాదు. కారులోకి వచ్చే గాలిని వడకట్టే కేబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా బ్లోయర్ అరుపే తప్ప గాలి రాదు. మెట్ట దారుల్లో తిరిగే కార్లకు అది పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే నిండుతుంది.

ఇంటి వైద్యాల విషయానికి వస్తే, బంగాళాదుంప ముక్క రుద్దడం, గడ్డం గీసుకునే క్రీము పూసి తుడవడం, సబ్బు నీళ్లు, లారీ డ్రైవర్ల పాత అలవాటైన పొగాకు రుద్దడం, ఇవన్నీ మూఢనమ్మకాలు కావు. అద్దం మీద నీరు చుక్కలుగా కూర్చుంటేనే ఎదుటి లైట్ల కాంతి చెదిరి కళ్లు చెదురుతాయి. సబ్బు లాంటి పూత ఉంటే నీరు చుక్క కట్టకుండా పలుచని పొరగా పరుచుకుంటుంది, దాని గుండా చూపు పోతుంది. అయితే ఆ పూత ఎక్కువ కాలం నిలవదు, సరిగ్గా తుడవకపోతే అదే ఒక మసక అవుతుంది. దానికంటే శుభ్రమైన అద్దం మేలు. డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ ముందు రోజూ వెలిగించే అగరబత్తి పొగ అద్దం లోపలి ముఖం మీద కంటికి కనబడని పొరగా పేరుకుంటుంది. ఎండకు వేడెక్కిన ప్లాస్టిక్ వాసన కూడా అక్కడే అంటుకుంటుంది. నీటి ఆవిరికి చుక్క కట్టడానికి అలాంటి మురికే చక్కని ఆసరా. ముందు అద్దం బయట తళతళలాడుతున్నా లోపల నెలల తరబడి గుడ్డ తగలని కార్లే ఎక్కువ, ఎందుకంటే ఆ వాలు మూలకు చేయి అందదు.

తిరుగు ప్రయాణంలో కథ తలకిందులవుతుంది. వానాకాలపు రాత్రి విజయనగరం నుంచి బయలుదేరిన కారు సాలూరు వరకు బయటి మసకతో పోరాడుతూ వస్తుంది. ఏసీ 26 మీద ఉంటుంది, గాలి కాళ్ల వైపు ఉంటుంది, వైపర్ అప్పుడప్పుడు కదులుతుంటుంది. సుంకి మలుపులు ఎక్కుతున్నకొద్దీ బయటి గాలి చల్లబడుతుంది, బయటి చుక్కలు వాటంతట అవే మాయమవుతాయి. డ్రైవరు ఊపిరి పీల్చుకుంటాడు. పొట్టంగికి కాస్త ముందు అద్దం కింది అంచు నుంచి ఒక తెల్లని చాయ పైకి పాకడం మొదలవుతుంది. వైపర్ కదిపితే అది చెరగదు. గాలిని కాళ్ల దగ్గరి నుంచి అద్దం మీదికి తిప్పాల్సిన చోటు అదే.